మెట్టు మీద నీళ్ళెక్కడియి

ఆగాగు అల్లుడా, ఏంది నువ్వు చేసేది? స్క్రూడ్రైవర్‌తోని ఫ్రిజ్‌ల పొడుస్తరా ఎవలన్న? లోపట పైపు ఉంటది. దానికి చిల్లువడ్డదంటె గ్యాసంత పోతది, ఇగ అది ఫ్రిజ్ కాదు, బట్టలు పెట్టుకునే బీరువనే. ఎనిమిదిమంది కూరలు దాండ్లనే ఉన్నయి, తెలుసా? శుక్రారం డ్యూటీ లేదని రూమ్ సక్కవెడ్దమనుకున్నవ్, మంచిదే, గని ఎట్ల సక్కవెట్టాల్నో తెల్వద్దా? వైర్ పీకు. దర్వాజ తెరిచి వదిలెయ్యి. కరిగిన నీళ్ళు పడేటందుకు కింద తలె పెట్టు. దానంతట అదే కరుగుతది. గడ్డకట్టినదాన్ని కొట్టొద్దు, దాని మీద ఉడుకునీళ్ళు పొయ్యొద్దు. గీ రెండు నాకు మీ మామనే నేర్పిండు. ఆఁ, మీ గంగన్న మామనే, ఇంకెవలు? కరీంనగర్ జిల్లాల పుట్టినోనికి ఐస్ గురించి నేర్పేటోడు ఇంకెవడు దొరుకుతడు ఈ ఒమాన్‌ల?

ఏమన్నవ్? మళ్ళ అను. పొద్దుగాల లేవంగనే దర్వాజ తీసి, బయటి మెట్టును అరచెయ్యితోని తడుముతుండెనా? రోజూనా? మీరంత నవ్వేటోళ్ళా? మీ గౌరవ్వత్త ఏమంటుండె? 'మస్కట్ ఎండకు నెత్తి ఉడికింది మీ మామకు' అన్నదా. ఎండకు కాదురా. సలికి. పోయినేడు పాణం పోయిన రోజు గూడ లేచి తడిమిండా? మేనెల ఎండల, జగిత్యాల పక్కన పల్లెల, మెట్టు మీద ఏం దొరుకుతదని తడిమిండో పిచ్చోడు. నాకు తెల్వదిది. మీరెవ్వలు నాకు చెప్పలే. నేనేమొ ఇంటికి పోయినంక మర్చిపోయిండనుకున్న. గూసో. ఆ స్క్రూడ్రైవర్ అవుతల పెట్టి గూసో.

గది ఏ ఏడు... కువైట్ లొల్లి కాకముందు సలికాలం. తొంభై పడలేదింక, కాదు, పడ్డది, జనవరిల పడ్డది. నేనప్పుడు సమాయిల్‌ల ఉన్న. మా అర్బాబ్‌కు, మా సేటుకు, ఆడ ఖర్జూర తోట, రెండు దుకాన్లు. నేను జీపు డ్రైవర్‌ను. ఆయన అమ్మ మాత్రం సమాయిల్‌ల ఉండదు. కొండ మీద పుట్టింది, కొండ మీదనే సస్త అంటది. జబల్ అఖ్దర్ అని ఉంటది సూడు, ఆ కొండ మీద ఆమెకు ఇల్లు, దానిమ్మ తోట. సమాయిల్ నుంచి మూడు గంటల తొవ్వ, ఆఖరి గంటంత రాళ్ళే, ఇటు సూస్తె లోయ, అటు సూస్తె కొండ, పైకి పోయేసరికి నడుము ఇరిగేది. ఒమాన్ అంటె ఎండ అనుకుంటరు గదా మనోళ్ళు, ఆ కొండెక్కితె తెలుస్తది. సలికాలం తెల్లారుజామున నోట్లకెల్లి పొగ వస్తది. బీడీ తాగకున్న పొగనే. నేను వారానికి రెండుమాట్ల గ్యాసు, బియ్యం, పిండి తీస్కపోయి దించి వచ్చేటోన్ని. పైన ఉండేది ముగ్గురే. ముసలామె, ఆమెను మేమందరం 'మామా' అనేటోళ్ళం, ఈడ పెద్ద ఆడోళ్ళను గట్లనే అంటరు. తోటకు, ఇంటికి కావలి మీ మామ. వంటకు, ముసలామెను సూసుకునేటందుకు పెంచలమ్మ అని కడప దిక్కు ఆమె. ఆమె గురించి చెప్పాలె నీకు. లేకుంటె నీకు సమజ్ కాదు.

పెంచలమ్మ అప్పటికి నలభై దాటిన మనిషి, ఆ ఎండకాలమే కొండ మీదికి వచ్చింది. సన్నగ, పొడుగ్గ, మాట మాత్రం గట్టిగ. 'ఏమబ్బా రగపతీ, ఉప్పు తెమ్మంటే తెల్యా, నీకు నెత్తిలో ఏముండాది?' అని దిగంగనే వేసుకునేది నన్ను. మొగుడు సచ్చిపోయిండు, వెనుక దిక్కెవలు లేరు, మరిది కొడుకు ఇంట్ల ఒక మూలకు పండుకుంటుండెనట. ఈడ ముసలామె ఆమెను బిడ్డ లెక్క సూసేది. ఆమెకు అరబ్బీ రాదు, ముసలామెకు తెలుగు రాదు, ఇద్దరు పొద్దంత ముచ్చట పెట్టుకునేటోళ్ళు! ఏం మాట్లాడుకున్నరో ఆ దేవునికే ఎరుక. ముసలామె కాళ్ళు ఒత్తుకుంట ఈమె తన మొగుని సంగతి చెప్పేది, ఆమె తల ఊపేది. నేను కండ్లార సూసిన.

ఇగ మీ మామ. నాలుగేండ్లయింది ఇంటికి పోక. వచ్చినప్పుడు మీ అత్త కడుపుతోని ఉండె, నీ బామ్మర్ది నర్సింగం పుట్టినంక మొకం సూడలే. అప్పుడు ఫోన్లెక్కడియి, ఊరికి పోయేటోళ్ళతోని క్యాసెట్ పంపుకునుడు, వచ్చేటోళ్ళతోని తెప్పించుకునుడు. పైన టేపు లేదు. నేను పోంగనే జీపుల కూసుని మీ మామ ఆ క్యాసెట్ పెట్టుకునేటోడు. దాండ్ల మీ అత్త అన్ని చెప్పుకుంట వచ్చి, 'బిడ్డా, నాయినతోని మాట్లాడు' అంటది. పోరడు 'నాయినా' అని పిలుస్తడు. వెంటనే మొగోని గొంతు, 'ఓయ్' అంటది. గది మీ అత్త అన్న గొంతు! పోరడు పిలిచింది మేనమామను, అల్లుడా. ఇంట్ల కనవడే మొగోడు ఆయననే గదా, ఆయనే నాయిన అనుకున్నడు. మీ మామ ఆ ముక్కనే ఎనుకకు తిప్పి తిప్పి ఇనేటోడు. 'రఘుపతీ, ఈ ఏడు పోకపోతె ఇగ నేను ఆ ఇంటికి సుట్టపోన్నే' అన్నడు ఒకరోజు. ఊకె అనలే, ఏడ్చిండు. అర్బాబ్‌ను అడిగితె జనవరిల నలభై రోజులు సుట్టి ఇస్తనన్నడు. సబ్బులు కొన్నడు, గొంగడి అసుంటి కంబళి కొన్నడు, పోరనికి చిన్న కారు కొన్నడు. పెట్టెకు తాడు గూడ కట్టిండు.

గప్పుడు పడ్డది ఆ ఐస్. పడ్డది అంటున్న గని మొగులు మీదికెల్లి పడలే. అదే కత! ఒకరోజు పొద్దుగాల మామా దర్వాజ తీసి కాలు బయట పెట్టింది. పెద్ద మెట్టు, సిమెంట్ మెట్టు, అద్దం లెక్క మెరుస్తున్నదట. సర్రుమని జారి కూలబడ్డది. చెయ్యి బెణికింది, బొక్క ఇరుగలే, దేవుని దయ. పెంచలమ్మ ఒర్లింది సూడు, తోటల ఉన్న మీ మామకు ఇనవడ్డది. ఉరికొచ్చి సూస్తె మెట్టు మీద పల్చగ ఐస్ పొర. పోనీ కొండంత అట్లనే ఉందా అంటె లేదు. పక్కిండ్లు రెండున్నయి, వాళ్ళ మెట్లు ఎండుగ ఉన్నయి. తోటల ఎండుగనే ఉన్నది. వాన లేదు, మొగులు లేదు. ఒక్క మా ఇంటి మెట్టు మీదనే! తెల్లారి మళ్ళ ఉన్నది. ఎల్లుండి మళ్ళ ఉన్నది. మీ మామకు ఏమీ సమజ్ కాలే. గడ్డపార పట్టి కొట్టిండు, మెట్టు అంచు పగిలింది. ఉడుకునీళ్ళు పోసిండు, గడియసేపు కరిగి మళ్ళ ఇంక గట్టిగ గడ్డకట్టింది. నీకు ఇందాక చెప్పినట్లె, గీ రెండు ఆయన అప్పుడే నేర్సుకున్నడు.

అర్బాబ్ వచ్చిండు. అమ్మ చేతికి కట్టు సూడంగనే మొకం ఎర్రగయింది. మనకు అరబ్బీ రాదు, ఆయనకు హిందీ రాదు, ఇద్దరికి రానిది కలిపి మాట్లాడుకునుడు. 'గంగా! పానీ కిధర్ సే ఆతా? పైప్ ఖరాబ్. తుమ్ టిక్ కరో. పానీ మౌజూద్, ఛుట్టీ మాఫీ. పానీ ఖలాస్, ఛుట్టీ మౌజూద్.' నీళ్ళుంటె సుట్టి లేదు, నీళ్ళు బందయితెనే సుట్టి. తాడు కట్టిన పెట్టె మంచం కింద ఉండె. మీ మామ దాని దిక్కు సూసి నా దిక్కు సూసిండు. 'దొరుకుతదిలేన్నా లీకు, ఎక్కడికి పోతది' అన్న.

ఇగ దేవులాడుడు షురూ. గులాం నబీ అని ప్లంబర్, పాకిస్తానోడు, మంచోడు, వాన్ని నేనే జీపుల ఎక్కించుకొని పోయిన. వాడు నేలకు చెవి పెట్టి ఇన్నడు. 'గంగా భాయ్, నీచే సే ఆ రహా హై' అన్నడు, కిందికెల్లి వస్తున్నదట. సరే, మీ మామ నేల తవ్విండు. రాళ్ళ నేల, అల్లుడా. రెండు రోజులు తవ్వి పైపు మొత్తం బయట పెట్టిండు. పొడిగున్నది. జాయింట్లన్ని ఇప్పి మళ్ళ కట్టిండ్రు. వాషర్లు మార్చిండ్రు. పైపుకు గోనెసంచులు సుట్టిండు. తెల్లారి సూస్తె మెట్టు మీద ఐస్. టాంకి ఖాళీ చేసిండు. సాయంత్రమే వాల్ బందు చేసి, ఆ వాల్ తిప్పే చక్రాన్ని పీకి దిండు కింద పెట్టుకొని పండుకున్నడు. ఇంట్ల సుక్క నీళ్ళు రావు ఇగ. తెల్లారి సూస్తె ఐస్! గులాం నబీ తన పానాలు, స్పానర్లు సంచిల ఏసుకొని, 'ఏ మేరా కామ్ నహీ, ఏ మౌల్వీ కా కామ్ హై' అన్నడు, తన పని కాదట, మౌల్వీ పనట. వాడు పోయిండు. మీ మామ ఆ తవ్విన బొంద పక్కన గూసున్నడు. నల్ల బందు చేసినంక నీళ్ళెక్కడియిరా అని నన్ను అడిగిండు. నన్నడిగితె? నేనేమన్న ఇంజినీర్నా?

మామా మాత్రం జిన్ను పని, దయ్యం పని అన్నది. ఇంట్ల సాంబ్రాణి పొగ వేయించి, దోసెడు ఉప్పు తెచ్చి మెట్టు మీద సల్లింది. అల్లుడా, నువ్వు నమ్మవ్, ఐస్ కరిగింది! మేము సూస్తుండంగనే కరిగింది. ఇప్పుడంటె తెలుసు, ఉప్పుకు ఐస్ కరుగుతదని, ఈడ చేపల మార్కెట్‌ల సూసిన. అప్పుడేం తెలుసు? జిన్ను పోయిందన్నరు. మీ మామ సంబురం సూడాలె. 'జిన్నయితె జిన్నాయె, పోయింది గదా' అని తను గూడ పొద్దుమీకి రెండు దోసిళ్ళు ఉప్పు సల్లి పండుకున్నడు. తెల్లారి లేచి సూస్తె ఉప్పు లేదు, ఐస్ ఉన్నది. సల్లిన ఉప్పు ఏడికి పోయింది? జిన్ను తిన్నదా? మేకలు తిన్నయా? మళ్ళ సల్లిండు. మళ్ళ మాయం. ఇగ మీ మామకు తిండి పోయింది. పెంచలమ్మకు గూడ బాధనే. శనివారం పూట ఒక్కపొద్దు ఉండుడు మొదలువెట్టింది. 'గంగన్న బిడ్డ మొగం సూడాల, మామా కాలు జారకూడదు, ఈ మంచు పోవాల' అని మొక్కుకునేది. 'యాడ నుంచొస్తాండాదో ఈ పాడు నీళ్ళు' అని నా ముందటనే ఎన్నిమాట్ల అన్నదో.

ఇగ ఇను. ఒకసారి జీపు బ్యాటరీ దిగింది పైన. అది నడవాల్నంటె కిందికెల్లి ఇంకో బ్యాటరీ రావాలె. గంగన్న అర్రల ముగ్గురు పట్టరు, గులాం నబీ గూడ ఉండె ఆ రోజు, లేదు, వాడు పోయినంకనేమొ. ఏదైతేంది, నేను జీపులనే పండుకున్న, ఇంటి ముందట. తెల్లారుజామున సలికి పండ్లు కొట్టుకొని మెలకువైంది. దర్వాజ చప్పుడు. పెంచలమ్మ వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకున్నది, ఒక చేతిల చీపురు, ఒక చేతిల చెంబు. మెట్టు ఊడ్చింది, ఉప్పు ఊడ్చింది. పక్కకు ఎత్తిపోసింది. ఆమె లెక్కల ఉప్పు తొక్కితె అరిష్టం గదా, మనకు గూడ అంతే గదా. ఊడ్చి, చెంబుల చెయ్యి ముంచి చిలుకు చిలుకు చిలుకు అని నీళ్ళు సల్లింది. సాన్పి, అల్లుడా. పేడ లేదు, ముగ్గు లేదు, ఉత్తనీళ్ళే, గని సాన్పినే. మీ అవ్వ, మా అవ్వ రోజు సల్లుతరే, గదే. రాత్రే బిందె నింపి పెట్టుకునేదట. నల్ల బందు చేస్తె ఆమెకేంది? ఆ చప్పుడు ఇంటె నాకు ఇల్లు యాదికొచ్చి మంచిగనిపిచ్చింది, మళ్ళ కండ్లు మూసిన. తెల్లగయినంక సూస్తె మెట్టు మీద ఐస్.

సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టాయె మా బతుకు. ముచ్చటేందంటె, ఆమె దాచలే. దాచిందంటె ముసలామెకు తెల్వకుండ, వాళ్ళ ఆచారం వేరు గదా అని. మాకు తెల్వద్దని కాదు. నీళ్ళెక్కడియి నీళ్ళెక్కడియి అని మేమందరం ఒర్రుతుంటె, తను గూడ మాతోని ఒర్రింది. సాన్పి నీళ్ళను నీళ్ళ కింద ఎవలు లెక్కవెడ్తరు? కడపల సల్లిన నీళ్ళు ముక్కు చీదేలోపట ఎండుతయి. ఈడ ఎండవు, గడ్డకడ్తయి అని ఆమెకు తోచనే లేదు. సల్లి లోపలికి పోయి చాయ్ పెట్టేది, ముసలామె లేచే యాళ్ళకు అది అద్దం అయ్యేది. పక్కిండ్లోళ్ళు సాన్పి సల్లరు గదా, వాళ్ళ మెట్లు ఎండుగనే ఉంటయి మరి.

ఉరికిపోయి మీ మామకు చెప్పిన. నవ్వుతడనుకున్న. నవ్వలే. మంచం మీద గూసొని, 'రఘుపతీ, ఆమెకు చెప్పకు' అన్నడు. 'ఎందుకే? సల్లకు అంటె అయిపాయె, నీ సుట్టి నీకు వచ్చె' అన్న. 'మామాను కింద పడేసింది తనే అని తెలిస్తె ఆమె అన్నం ముడుతదా? అర్బాబ్‌కు తెలిస్తె ఉంచుతడా? పోతె ఏడికి పోతది, మరిది కొడుకు ఇంటి మూలకా?' అన్నడు. అయినా ఊకోలే, ఆ పొద్దే అటు తిప్పి ఇటు తిప్పి అడిగిండు. 'అక్కా, మస్తు సలి ఉన్నది, పొద్దుగాల బయటికి రాకు, వాకిలి నేను ఊడుస్తలే' అన్నడు. పెంచలమ్మ ఊకుంటదా? 'ఏం మాటలబ్బా గంగన్నా! ఎండువాకిలి సచ్చినోళ్ళ ఇంటికి పెడతారు. ముసిలామె ఉండే ఇంట్లో ఎండువాకిలి పెడతానా నేను? పైగా నువ్వు బిడ్డ కాడికి పోవాలని రోజూ ఒక సెంబు ఎక్కువే సల్లతాండా' అన్నది. ఒక చెంబు ఎక్కువ! ఆయన సుట్టి కోసం! నేను నవ్వాపుకోలేక అవుతలికి పోయిన. మీ మామ మాత్రం, 'సరే అక్కా' అన్నడు.

ఆయన ఏం చేసిండో తెలుసా? ఆమె కంటె ముందు లేచి గోడ చాటుకు నిలవడేటోడు, ఆ సలిల. ఆమె సల్లి లోపలికి పోంగనే, గోనెసంచి తెచ్చి మెట్టంత తుడిచేటోడు. ఒకటి తడిస్తె ఇంకోటి. అరచెయ్యితోని తడిమి సూసేటోడు, తడి తలిగితె మళ్ళ తుడుసుడు. చెయ్యి మీద ఎండుగ తలగాలె, గప్పుడు పోయేటోడు. వారం రోజులు ఐస్ లేదు. మామా జిన్ను పోయిందన్నది. పెంచలమ్మ తన ఒక్కపొద్దు ఫలించిందన్నది. అర్బాబ్ వచ్చి మెట్టు సూసి, మీ మామ భుజం మీద చరిచి పాస్‌పోర్ట్ చేతిల పెట్టిండు. మీ మామ పోయేముందు నా రెండు చేతులు పట్టుకున్నడు. 'నలభై రోజులు, రఘుపతీ. తోట కావలికి నిన్నే ఉండుమన్నడు అర్బాబ్. ఒక్క రోజు తప్పొద్దు. తుడిచి, చెయ్యితోని సూడు. నీ మీద ఏసి పోతున్న' అన్నడు. నేను ఒట్టేసిన. నా బిడ్డ మీద ఏసిన.

తుడిసిన. రోజు తుడిసిన. ఒక్క రోజు... ఆఁ? తుడిసిన్నంటున్న గదా! నీళ్ళు నిండినయేమొ సూడు తలెల, పారబొయ్యి. వేరే పెట్టు. ఇగ తెరిచే ఉంచు, మూయకు.

ఇరవై రెండు రోజులు తుడిసిన. ఇరవై మూడో రోజు... మీ మామ ఒక గొంగడి వదిలిపోయిండు, ఊరికెల్లి తెచ్చుకున్నది, నల్లగొంగడి. అదే కప్పుకొని పండుకున్న. చిలుకు చిలుకు అని చప్పుడు ఇనవడ్డది. లేవాలె లేవాలె అనుకున్న. గొంగడిల ఉడుకుగ ఉండె. ఒక్క రోజు తుడువకపోతె ఏమయితది, మామా ఎట్లాగు ఎండపొడ వచ్చేదాక లేస్తలేదు గదా ఈ మధ్య, ఎండకు కరుగుతదిలే అనుకున్న. పండుకున్న. కండ్లు తెరిచేసరికి కేక. ముసలామె కేక కాదు. పెంచలమ్మ పొయ్యి బూడిద పారబోద్దామని మళ్ళ బయటికి వచ్చింది. తను సల్లిన మెట్టు మీదనే తను. తుంటి బొక్క ఇరిగింది. సప్పుడు నా అర్ర దాక వచ్చింది, అల్లుడా. అట్ల పడి గూడ బూడిద తట్టను చేతిల గట్టిగ పట్టుకున్నది, పిచ్చిది. ముసలామె తన చున్నీ తీసి ఆమె తల కింద పెట్టి మొకం నిమురుతున్నది. నేను ఆమెను ఎత్తి జీపుల పండపెట్టిన. రాళ్ళ తొవ్వ, ఒక్కొక్క గుంతకు ఆమె పళ్ళు కొరుకుతది. కింది దాక ఏమన్నదో తెలుసా? 'రగపతీ, మళ్ళా వచ్చినాయి నాయనా ఆ నీళ్ళు. గంగన్నను రానీండి, యాణ్ణుంచి వస్తాండాయో కనుక్కోండి. మామా జారకుండా సూసుకోండి' అన్నది. ఇంకొక గుంత దాటినంక, 'నేను ల్యాకపోతే వాకిలి ఎవరు సల్లతారు' అన్నది. నేను అద్దం దిక్కే సూసి తోలిన. దవాఖానల కట్టు కట్టిండ్రు. పదిహేను రోజులకు వీసా క్యాన్సల్ చేసి పంపిండ్రు. నడవలేని మనిషిని ఎవలు ఉంచుకుంటరు? కుర్చీల కూసుండబెట్టి ఇమానం ఎక్కించిండ్రట. నేను పోలే, డ్యూటీ ఉండె. తర్వాత ఏమయిందో తెల్వదు, మంచిగైందో, సచ్చిందో. అడ్రస్ గూడ తెల్వదు.

మీ మామ వచ్చిండు. మొకం ఎట్ల ఎలిగిపోతున్నది! పోరడు పది రోజులు తల్లి కొంగు ఎనుకనే దాసుకున్నడట, పదకొండో రోజు వచ్చి ఒళ్ళె గూసొని 'నాయినా' అన్నడట. అది చెప్పుకుంటనే జీపు దిగిండు. 'అక్కేది? బిడ్డ పలుకు అక్కకు చెప్పాలె' అన్నడు. చెప్పిన. పడ్డదని చెప్పిన. మీ మామ చేతిల సంచి అట్లనే కింద పెట్టిండు. నా దిక్కు సూసిండు, కోపంగ కాదు. 'తుడిచినవా?' అన్నడు. 'తుడిసిన' అన్న. 'ఆ రోజు గూడ?' 'ఆ రోజు గూడ తుడిసిన. చెయ్యితోని తడిమి సూసిన. ఎండుగనే ఉండె' అన్న. నోరు తిరిగింది. అనలేననుకున్న, గని తిరిగింది. ఒట్టు కండ్ల ముందటికి వచ్చింది, బిడ్డ వచ్చింది, అయిన అన్న. మీ మామ నమ్మిండు! ఒక్క మాట మళ్ళ అడుగలే. నమ్మి, ఆ మెట్టు మీదనే గూసున్నడు. 'అయితె సాన్పి నీళ్ళు కాదన్నట్టు. లీకు ఉన్నది, రఘుపతీ. లీకు నిజంగనే ఉన్నది. సుట్టికి పోవాలె అనే ఆత్రంల సాన్పి నీళ్ళే అని నాకు నేను చెప్పుకొని పోయిన. అక్క తుంటి నేనే ఇరగ్గొట్టిన' అన్నడు. గంతే. లేచి, గడ్డపార తెచ్చి, ముందు తవ్విన కాడనే మళ్ళ తవ్వుడు మొదలువెట్టిండు.

ఇగ ఐస్ ఎక్కడిది? సల్లేటామె పాయె. మెట్టు రోజు ఎండుగనే. అది సూసి ఆయనకు ఇంక పరేషాన్. లీకు దానంతట అదే ఎట్ల బందయింది, ఎప్పుడు మళ్ళ వస్తది అని. రోజు పొద్దుగాల వచ్చి అరచెయ్యితోని తడుముడు. ఎండుగ తలిగినా నమ్మేటోడు కాదు. ఇంకో మూడు సలికాలాలు ఉన్నడు ఆ కొండ మీద, పైపు రెండుసార్లు తవ్విండు. నేను జీపుల కూసొని సూసేటోన్ని. చెప్దామనుకునేటోన్ని. ఈ వారం కాదు, వచ్చే వారం. తర్వాత నేను మస్కట్‌ల ఈ ఘాలాకు వచ్చిన, ఆయన ఊరికి పోయిండు. ఊళ్ళె మీ గౌరవ్వత్త సాన్పి సల్లుతది గదా రోజు. ఆ తడి మెట్టు మీద చెయ్యి పెట్టి ఏం చూస్తుండెనో ఏమొ. నువ్వేమొ నవ్వేటోళ్ళం అంటున్నవ్. నవ్వకుండ్రి. మీ అత్తకు రాయి, నర్సింగానికి చెప్పు... ఏం చెప్తవ్? లీకు లేదని చెప్పు. లేదు, నువ్వు చెప్పకు. నేనే... ఎప్పుడన్న పోయినప్పుడు...

ఏంది అట్ల సూస్తవ్? సూడు, తలె నిండి నీళ్ళు దర్వాజ దాక వచ్చినయి. ఎవడన్న కాలు పెడ్తడు. ఆ గుడ్డ ఇటియ్యి. నువ్వు కాదు, నువ్వు గూసో. నేను తుడుస్త. ఇటియ్యమన్న గదా.